గోదావరి మీద మూడు బ్రిడ్జిలు.. మీ ఫోన్ కెమెరా అసలు సంగతి తేలేది ఇక్కడే!

కొత్త ఫోన్ రివ్యూ ఏది చూసినా కెమెరా శాంపిల్స్ దాదాపు ఒకేలా ఉంటాయి. బాల్కనీలో మందార పువ్వు, రెస్టారెంట్‌లో బిర్యానీ ప్లేటు, మేడ మీద ఫ్రెండ్ పోర్ట్రెయిట్. ఈ మూడింటిలో ఇప్పుడు పదిహేను వేల రూపాయల ఫోన్ కూడా పాసైపోతోంది. పువ్వు రేక కాస్త వంకరపోయినా మనకు తెలీదు. బిర్యానీలో ఒక మెతుకు ఏఐ అదనంగా వేసినా ఎవరూ పట్టించుకోరు. లెన్స్ ఏం చేసింది, సాఫ్ట్‌వేర్ ఏం కలిపింది అన్నది తెలియాలంటే సబ్జెక్ట్‌లో నిఖార్సైన గీతలు ఉండాలి. ఒకే ఆకారం మళ్లీ మళ్లీ రావాలి. దాని కొలత మనకు తెలిసుండాలి. దూరం నుంచీ దగ్గర నుంచీ పక్క నుంచీ కింద నుంచీ చూసే వీలుండాలి.

ఇవన్నీ ఒకేచోట దొరికేది పెద్ద వంతెన దగ్గరే. తెలుగు నేల మీద అలాంటి చోటు ఒక్కటే చెప్పమంటే నేను ఆలోచించకుండా రాజమండ్రి అంటాను.

అక్కడ గోదావరి మీద ఒకదాని తర్వాత ఒకటి కట్టిన మూడు పెద్ద బ్రిడ్జిలు ఉన్నాయి. మొదటిది 1900లో మొదలైన హేవ్‌లాక్ బ్రిడ్జి: రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు, మొత్తం 56 కానాలు. అప్పటి మద్రాసు గవర్నర్ హేవ్‌లాక్ పేరే దానికి పెట్టారు. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. రెండోది 1974 నాటి రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, కింద రైలు, పైన రోడ్డు. మూడోది అందరూ రీల్స్‌లో చూసే ఆర్చ్ బ్రిడ్జి. 1997లో రైళ్లు మొదలయ్యాయి. కాంక్రీట్ ఆర్చ్‌లు 28, ఒక్కో కానా వెడల్పు దాదాపు 97.5 మీటర్లు. ఊరికి ఎగువన 2015లో వచ్చిన నాలుగో బ్రిడ్జి రోడ్డు బ్రిడ్జి. అది మన పనికి అంత ఆసక్తికరం కాదు, వదిలేద్దాం.

ఈ ఆర్టికల్ కోసం మూడు ఫోన్లు పట్టుకెళ్లాం. పదిహేను వేల లోపుది ఒకటి, ముప్ఫై ఐదు వేలది ఒకటి, లక్ష దాటినది ఒకటి. పేర్లు చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఫోన్ల పోటీ కాదు. ఒకే ఫోన్‌తో ఒకే బ్రిడ్జిని చోటు మార్చి తీస్తే ఏం జరుగుతుందన్నదే ఇక్కడ చూస్తున్నాం. ముందే చెప్పేస్తే, చాలా ఫోటోల్లో ఫోన్ ధర కంటే మనం నిలబడ్డ చోటే ఎక్కువ తేడా చూపించింది. రెండు మూడు చోట్ల మాత్రం ఖరీదైన ఫోన్ నిజంగా ముందుంది. ఇంకొక చోట దాని తెలివితేటలే దానికి ఎదురు తిరిగాయి. ఆ సంగతి తర్వాత.

ఆర్చ్‌లు లెక్కపెట్టండి

ముందు ఒక సరదా టెస్ట్. స్పెక్ షీట్‌లో మెయిన్ కెమెరా 24 ఎంఎం, అల్ట్రావైడ్ 13 ఎంఎం, టెలిఫోటో 120 ఎంఎం అని రాసి ఉంటుంది. అంటే ఏంటని అడిగితే మనలో చాలామంది “వైడ్‌గా వస్తుంది, జూమ్ వస్తుంది” అని ఊరుకుంటాం. ఆర్చ్ బ్రిడ్జి ఎదురుగా ఉంటే అది లెక్క అవుతుంది.

పడవలో నది మధ్యకు వెళ్లి బ్రిడ్జికి సరిగ్గా ఎదురుగా, 500 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే 24 ఎంఎం లెన్స్ ఆ దూరంలో సుమారు 700 మీటర్ల వెడల్పు చూస్తుంది. అంటే ఏడు ఆర్చ్‌లు. 13 ఎంఎం అల్ట్రావైడ్‌లో పదమూడు దాకా వస్తాయి. 120 ఎంఎం టెలిఫోటోలో ఒకటిన్నర. మీ ఫోన్‌లో ఎన్ని వచ్చాయో లెక్కపెడితే కంపెనీ చెప్పిన ఎంఎం నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. దూరం కోసం మ్యాప్స్‌లో కొలిచే టూల్ ఉంది, అది చాలు. కొన్ని ఫోన్లు ‘2ఎక్స్’ అని చూపించేది వేరే లెన్స్ కాదు, మెయిన్ సెన్సర్ మధ్య భాగాన్ని కత్తిరించి ఇచ్చేదే. అందులో తప్పేం లేదు, పగటి వెలుతురులో బాగానే వస్తుంది. సందేహం ఉంటే 2ఎక్స్ పెట్టి మెయిన్ లెన్స్‌ను వేలితో మూయండి. స్క్రీన్ చీకటైతే అది క్రాప్.

ఈ లెక్కతో ఇంకో పని కూడా జరుగుతుంది. 22 బోగీల ఎల్‌హెచ్‌బీ రైలు ఇంజిన్‌తో కలిపి సుమారు 550 మీటర్లు ఉంటుంది. అంటే ఐదున్నర ఆర్చ్‌లంత పొడవు. మొత్తం రైలు, ముందూ వెనకా కొంచెం ఖాళీ, రెండూ ఫ్రేమ్‌లో ఉండాలంటే ఏడు ఆర్చ్‌లు కావాలి. 500 మీటర్ల దూరం, మెయిన్ కెమెరా. పెద్ద జూమ్ ఫోన్ అక్కర్లేదు, పదిహేను వేల ఫోన్‌లోని మెయిన్ లెన్స్ సరిపోతుంది. టైమింగే ముఖ్యం. మా పడవ నడిపిన సరంగు గారు ఒక్క ముక్కలో చెప్పేశారు: “అందరూ రైలు కనపడ్డాక ఫోన్ తీస్తారండి. బ్రిడ్జి మోత వినపడగానే తియ్యాలండి, ఆయ్.” బర్స్ట్ మోడ్ గురించి మేం చెప్పాలనుకున్న నాలుగు పేరాలకూ ఆ మాటే సరిపోయింది.

ఒక హెచ్చరిక. మొత్తం బ్రిడ్జి ఒకే ఫోటోలో రావాలని పనోరమా జోలికి వెళ్లకండి. ఫోన్‌ను తిప్పుతూ తీసే పనోరమాలో నేరుగా ఉన్న బ్రిడ్జి విల్లులా వంగిపోతుంది. అది ఫోన్ లోపం కాదు, గుండ్రంగా చూసినదాన్ని బల్లపరుపుగా పరిస్తే అలాగే వస్తుంది. పైగా అటూ ఇటూ ఆకాశం, కింద నీళ్లు, మధ్యలో దారప్పోగంత బ్రిడ్జి. 2.7 కిలోమీటర్ల కట్టడాన్ని ఆరంగుళాల స్క్రీన్ మీద చూస్తే ఏముంటుంది? ఐదారు ఆర్చ్‌లు తీసి, మిగతావి ఫ్రేమ్ అవతలికి వెళ్లిపోయేలా వదిలేయండి. చూసేవాళ్లే మిగతా బ్రిడ్జిని ఊహించుకుంటారు.

జూమ్ వేరు, నడక వేరు

ఇది ఈ ఆర్టికల్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. సోషల్ మీడియాలో ఆర్చ్ బ్రిడ్జి ఫోటోల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో మొదటి ఆర్చ్ కొండంత, చివరిది చీమంత. రెండోదాంట్లో ఆర్చ్‌లన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చిన గాజుల్లా దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండో రకం చూసి “అబ్బ, టెలిఫోటో కంప్రెషన్!” అంటుంటాం. నిజానికి ఆ పని లెన్స్ చేసింది కాదు.

లెక్క చూద్దాం. మీరు మొదటి ఆర్చ్‌కు 100 మీటర్ల దూరంలో గట్టు మీద నిలబడ్డారు. పదో ఆర్చ్ మీకు సుమారు 980 మీటర్ల దూరంలో ఉంటుంది. దూరం పది రెట్లు, కాబట్టి అది మొదటిదానిలో పదో వంతు సైజులో కనిపిస్తుంది. ఇప్పుడు అదే వరుసలో గట్టు వెంట 900 మీటర్లు వెనక్కి నడిచారు. మొదటి ఆర్చ్ 1000 మీటర్లు, పదోది 1880 మీటర్లు. తేడా రెండు రెట్లు కూడా లేదు. అందుకే రెండూ దాదాపు సమానంగా, దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అంత దూరం నుంచి బ్రిడ్జి ఫ్రేమ్‌లో చిన్నగా ఉంటుంది కాబట్టి టెలిఫోటో వాడి పెద్దది చేసుకున్నాం, అంతే. లెన్స్ కత్తిరించింది, దగ్గరకు పేర్చింది మాత్రం మన కాళ్లు.

నమ్మకం కుదరకపోతే ఒకే చోట నిలబడి మెయిన్ కెమెరాతో ఒకటి, టెలిఫోటోతో ఒకటి తీయండి. ఇంటికొచ్చి మొదటి ఫోటో మధ్య భాగాన్ని క్రాప్ చేసి రెండోదాని పక్కన పెట్టండి. ఆర్చ్‌ల మధ్య దూరాలు అచ్చం ఒకటే. క్వాలిటీలో తేడా ఉంటుంది, ఆకారంలో ఉండదు. టెలిఫోటో లేని ఫోన్ ఉన్నవాళ్లకు ఇది మంచి వార్త. మా పదిహేను వేల ఫోన్‌తో దూరం నుంచి తీసి క్రాప్ చేసిన ఫోటో ఇన్‌స్టాగ్రామ్ సైజులో లక్ష రూపాయల ఫోన్ ఫోటోకి మరీ దూరంగా ఏం లేదు. పెద్ద స్క్రీన్ మీద వేస్తే తేలిపోయింది, అది వేరే విషయం.

పుష్కర ఘాట్ వైపు గట్టు మీద నడుస్తూ ఉంటే ఇంకో చిత్రం కనిపిస్తుంది. ఆర్చ్ బ్రిడ్జీ, హేవ్‌లాక్ బ్రిడ్జీ పక్కపక్కనే, ఒకదానికొకటి సమాంతరంగా వెళ్తాయి. హేవ్‌లాక్‌వి 56 కానాలు, ఆర్చ్‌వి 28. అంటే ఒక్కో ఆర్చ్ వెడల్పులో పాత బ్రిడ్జి కానాలు దాదాపు రెండేసి పడతాయి. మీరు పదడుగులు అటూ ఇటూ జరిగితే పాత స్తంభాలు ఆర్చ్‌ల మధ్యలోంచి కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఒక చోట అన్నీ ఒక వరుసలో దాక్కుంటాయి, ఇంకో చోట ఆర్చ్ కింద సరిగ్గా మధ్యలో పాత రాతి స్తంభం నిలబడుతుంది. ఆ ఫ్రేమ్ కోసం ఫోన్ పైకెత్తకుండా ముందు ఉత్త కళ్లతో నడిచి చూడండి. స్క్రీన్ చూస్తూ నడిస్తే ఈ కదలిక తెలీదు, పైగా ఘాట్ మెట్లు తడిగా ఉంటాయి.

కింద నుంచి తీసేటప్పుడు అందరికీ వచ్చే సమస్య ఒకటుంది. స్తంభాలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలిపోతున్నట్టు వస్తాయి. ఫోన్‌ను పైకి వంచినందుకే అలా. స్తంభాలు నిటారుగా కావాలంటే ఫోన్‌ను నిటారుగా పట్టుకోండి, దిగంతం ఫ్రేమ్‌కి మధ్యలో ఉండాలి, అల్ట్రావైడ్ వాడి కింద వచ్చే అనవసరపు భాగాన్ని తర్వాత కత్తిరించేయండి. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్, లెవెల్ రెండూ ఆన్ చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. అల్ట్రావైడ్‌లో అంచుల్లో పడ్డవి సాగినట్టు వస్తాయి. స్తంభం ఫరవాలేదు గానీ, పక్కన ఫ్రెండ్‌ని మాత్రం అంచులో నిలబెట్టకండి, తర్వాత మాట పడాల్సి వస్తుంది.

లెన్స్ అసలు రూపం చూడాలంటే అదే ఫోటోను ‘రా’ ఫార్మాట్‌లో కూడా తీయండి. దిద్దుబాటు ఆపే వీలున్న యాప్‌లో తెరిస్తే, జేపెగ్‌లో గీత గీసినట్టున్న గర్డర్ రా ఫైల్‌లో కాస్త ఉబ్బినట్టు కనిపించవచ్చు. ప్రతి ఫోటోలోనూ సాఫ్ట్‌వేర్ ఆ వంపుని సరిచేసి మనకిస్తోంది. ఆ సరిచేయడంలోనే అంచులు కొంచెం మసకబారతాయి. మా మూడు ఫోన్లలో ధర తేడా స్పష్టంగా కనిపించిన చోటు ఇదే: చవక ఫోన్ అల్ట్రావైడ్‌లో అంచున ఉన్న ఆర్చ్‌ల ఉరి కడ్డీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

కప్పు కింద రైలు

హాలీవుడ్ సినిమాల్లో పల్లెటూరి వాగు మీద ఇంటిలా పైకప్పు, గోడలు ఉన్న చెక్క వంతెన చూసే ఉంటారు. అమెరికా పల్లెల్లో, స్విట్జర్లాండ్‌లో అలాంటివి ఉన్నాయి. లూసర్న్ ఊళ్లోని చాపెల్ బ్రిడ్జి 14వ శతాబ్దం నాటిది. ఆ కప్పు మనుషులు తడవకుండా వేసిందనుకుంటాం, కానీ అసలు కారణం వేరు. వంతెనను మోసే చెక్క దూలాలు వానకు కుళ్లిపోకుండా దాన్ని వేశారు. ఫోటోగ్రాఫర్లకు ఆ వంతెనలంటే పిచ్చి. లోపల చీకటి, అవతలి గుమ్మంలో వెలుతురు, పక్క సందుల్లోంచి నేల మీద పడే ఎండ చారలు.

మనకు దానికి దగ్గరగా వచ్చేది రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి. ఇక్కడ చెక్క లేదు, రైలు ఉక్కు ట్రస్సుల పంజరంలోంచి వెళ్తుంది, దాని నెత్తి మీద రోడ్డే కప్పు. బస్సులూ బైకులూ ఆ కప్పు మీద పోతుంటాయి. కిటికీ పక్క సీటు దొరికితే త్రికోణాలు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి, ప్రతి త్రికోణంలోనూ ఒక ముక్క గోదారి. మధ్యాహ్నం పూట కూడా బోగీలో వెలుగూ నీడా టకటకా మారుతుంటాయి.

ఫోన్ కెమెరాకు ఇది చాలా కష్టమైన పరీక్ష. తీసిన ఫోటోల్లో నిలువు కడ్డీలు పక్కకు వాలిపోయి కనిపిస్తాయి. చాలామంది చేయి వణికిందనుకుంటారు. కాదు, దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. ఫోన్ సెన్సర్ ఫోటో మొత్తాన్ని ఒక్కసారి చదవదు, వరుస తర్వాత వరుస చదువుతుంది. ఆ చదవడానికి 20 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు ఆ కాసేపట్లో 22 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. మొదటి వరుసలో ఒక చోట ఉన్న కడ్డీ చివరి వరుస వచ్చేసరికి ఇంకో చోట ఉంటుంది. అందుకే వాలు.

ఇక్కడ రెండు సమస్యల్ని కలిపేసుకోవద్దు. మసక వేరు, వాలు వేరు. షట్టర్ స్పీడ్ 1/100 పెడితే అదే రైల్లో దగ్గరి కడ్డీ 11 సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. 1/2000కి పెంచితే అర సెంటీమీటరుకు తగ్గుతుంది, అంచులు కత్తిలా వస్తాయి. కానీ వాలు మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే సెన్సర్ చదివే వేగం మారలేదు. అది హార్డ్‌వేర్ సంగతి. ఖరీదైన ఫోన్లలో సెన్సర్ వేగంగా చదువుతుంది కాబట్టి వాలు తక్కువ. మా మూడు ఫోన్లలో తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది: ఒకదాంట్లో ట్రస్సు దాదాపు నిటారుగా ఉంది, ఇంకోదాంట్లో గాలికి ఒరిగిన కొబ్బరి చెట్టే. స్పెక్ షీట్‌లో ఈ రీడౌట్ స్పీడ్ గురించి ఎవరూ రాయరు. మెగాపిక్సెల్ ఎక్కువున్న మోడ్‌లో చదవాల్సింది ఎక్కువ కాబట్టి వాలు ఇంకా పెరుగుతుంది. రైల్లో ఉన్నప్పుడు 50, 200 మెగాపిక్సెల్ మోడ్‌లు ఆపేసి మామూలు 12 మెగాపిక్సెల్‌లో తీయండి.

దగ్గరి కడ్డీల్ని వదిలేసి దూరంగా ఉన్న నీళ్ల మీదా లంకల మీదా ఫోకస్ లాక్ చేయడం ఇంకో పద్ధతి. అప్పుడు కడ్డీలు అలుక్కుపోయినా అందంగానే ఉంటుంది, వేగం తెలుస్తుంది. రైలు ఆర్చ్ బ్రిడ్జి ఎక్కితే దృశ్యం మారిపోతుంది: తల మీద కప్పు లేదు, పక్కన ఉరి కడ్డీలు, అవతల పాత హేవ్‌లాక్. ఏ బ్రిడ్జి అయినా ఫోన్ కిటికీ లోపలే ఉండాలి. చేయి బయటపెట్టడం, తలుపు దగ్గర వేలాడుతూ రీల్ చేయడం వద్దే వద్దు. ఉక్కు కడ్డీలు ఎంత దగ్గరగా వస్తాయో వైడ్ లెన్స్‌లో తెలీదు, అది ఉన్నదాన్ని దూరంగా చూపిస్తుంది.

ఇంకో మాట. మంచి యాంగిల్ కోసం పట్టాల మీదకు నడిచి వెళ్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రైల్వే ఆస్తిలోకి అనుమతి లేకుండా వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, ఈ బ్రిడ్జిల మీద సింగిల్ లైన్, రైలొస్తే పక్కకు తప్పుకునే చోటు కోసం వెతుక్కోవాలి. ఈ ఆర్టికల్‌లో చెప్పిన ఏ ఫ్రేమ్‌కీ పట్టాల మీద అడుగు పెట్టక్కర్లేదు. డ్రోన్ ఉన్నవాళ్లు ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. మధురపూడి ఎయిర్‌పోర్ట్ దగ్గర్లోనే ఉంది.

సాయంత్రం హెచ్‌డీఆర్‌తో గొడవ

రాజమండ్రి తూర్పు ఒడ్డు, కొవ్వూరు పడమటి ఒడ్డు. కాబట్టి రాజమండ్రి ఘాట్లలో నిలబడితే పొద్దు నది అవతల కుంకుతుంది, ఆర్చ్‌లు నల్లటి విల్లుల్లా మిగులుతాయి. మీకు సూర్యోదయం సిల్హౌట్ కావాలంటే కొవ్వూరు వైపు వెళ్లాలి. ఉదయాన్నే రాజమండ్రి వైపు నుంచి తీస్తే ఎండ మీ వెనక నుంచి పడి కాంక్రీటు, ఉక్కు, రాయి దేని రంగు దానికి విడివిడిగా కనిపిస్తుంది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు నిలబెడుతుంది కాబట్టి గాలి లేని తెల్లవారుజామున నీళ్లలో ఆర్చ్‌ల నీడలు చక్కగా పడతాయి. ఆర్చ్, దాని నీడ కలిసి పూర్తి కన్నులా కనిపించే ఫ్రేమ్ కోసం ఫోన్‌ను నీటికి వీలైనంత దగ్గరగా, తలకిందులుగా పట్టుకోండి. లెన్స్ కిందికి వస్తుంది. మణికట్టుకి ట్యాగ్ తగిలించుకోవడం మర్చిపోవద్దు. వరదల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు నీడలు ఉండవు, కానీ స్తంభాల దగ్గర సుడులు ఉంటాయి, అదో అందం. ఆ రోజుల్లో మాత్రం మెట్లు దిగకుండా గట్టు మీద నుంచే తీసుకోండి.

సిల్హౌట్ తీసేటప్పుడు ఫోన్ మన మాట వినదు. మీరు నల్లటి ఆర్చ్ కావాలనుకుంటారు. ఫోన్ “అయ్యో, చీకటిగా ఉంది” అని హెచ్‌డీఆర్ వేసి కాంక్రీటుని బూడిదరంగులోకి లేపుతుంది, ఆకాశంలో ఎరుపుని తగ్గిస్తుంది. అప్పుడు సూర్యుడి పక్కన ఆకాశం మీద నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, తర్వాత స్లైడర్‌ని కిందికి, మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా జరపండి. ఫోన్ వదిలితే ఆటో హెచ్‌డీఆర్ పూర్తిగా ఆపేయండి. లేదా ప్రో మోడ్. ఎండకు ఎదురుగా తీసేటప్పుడు ఆకుపచ్చ చుక్కలు వస్తే ముందు లెన్స్ తుడవండి. పోకపోతే సూర్యుణ్ణి ఒక ఆర్చ్ వెనక సగం దాచండి.

రాత్రి రైలు లైట్ల గీత కావాలంటే నైట్ మోడ్ పనికిరాదు. అది చాలా ఫ్రేమ్‌లు తీసి కలుపుతుంది, కదిలేదాన్ని తప్పుగా భావించి చెరిపేయడానికి చూస్తుంది. మాకు ఒక ఫోటోలో సగం బోగీ మాయమైంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50 లేదా 100, షట్టర్ 4 నుంచి 8 సెకన్లు, ఫోన్ గట్టు గోడ మీద పెట్టి మూడు సెకన్ల టైమర్. ట్రైపాడ్ లేకపోయినా పర్లేదు.

30ఎక్స్‌లో కనిపించిన రివెట్లు ఎవరివి?

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి. ఘాట్ మీద నుంచి హేవ్‌లాక్ బ్రిడ్జి గర్డర్‌ని 30ఎక్స్‌లో తీశాం. ఖరీదైన ఫోన్ ఫోటో చూడగానే అందరం “వావ్” అన్నాం. రివెట్లు వరుసగా, శుభ్రంగా, బొమ్మ గీసినట్టు. పదిహేను వేల ఫోన్ ఫోటోలో ఒక ముద్ద. తర్వాత పడవలో అదే గర్డర్ దగ్గరకు వెళ్లి మెయిన్ కెమెరాతో మళ్లీ తీశాం. రెండూ పక్కన పెట్టి చూస్తే దూరం ఫోటోలో ఉన్న రివెట్ల వరుస అసలు గర్డర్‌తో కలవలేదు. సంఖ్య వేరు, ఎడం వేరు. తుప్పు మచ్చలు ఉన్న చోట నున్నటి ఉక్కు ఉంది. ముద్దలా వచ్చిన చవక ఫోన్ ఫోటో మాత్రం నిజమే చెప్పింది: ఇంతకు మించి నాకు కనపడట్లేదు అంది.

కొత్త విషయమేం కాదు. 2023లో శాంసంగ్ ఫోన్లలో చందమామ ఫోటోల మీద పెద్ద చర్చ జరిగింది. చంద్రుణ్ణి గుర్తుపట్టి ఏఐతో వివరాలు పెంచుతామని కంపెనీయే వివరణ ఇచ్చింది. 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రోలో అయితే ప్రో రెస్ జూమ్ పేరుతో 100ఎక్స్ దాకా జనరేటివ్ ఏఐ నేరుగా ఫోటోలోకి వచ్చింది. గూగుల్ అక్కడ ఒక మంచి పని చేసింది: మామూలు ఫోటోనీ మార్చిన ఫోటోనీ రెండూ ఉంచుతుంది, ఏఐ వాడినట్టు ఫైల్‌లోనే గుర్తు వేస్తుంది. అలాంటి గుర్తు లేకుండా చడీచప్పుడు లేకుండా గీతలు కలిపే ఫోన్లతోనే చిక్కు.

చందమామ అందరికీ ఒకటే, కోట్ల ఫోటోలు ఉన్నాయి. ఏఐ దాన్ని బాగానే గుర్తుంచుకుంటుంది. హేవ్‌లాక్ బ్రిడ్జి అలా కాదు. 1997 నుంచి రైళ్లు లేవు, ఏటా వానలూ వరదలూ ఎండలూ దాని మీద పడుతున్నాయి. ఏ స్తంభం దగ్గర తుప్పు ఎంత పాకింది, ఏ రాయి కదిలింది అన్నది ఈ ఏడాది ఫోటోలో ఉంటేనే పదేళ్ల తర్వాత పోల్చి చూసుకోవడం కుదురుతుంది. మన ఊరి పిల్లలు సరదాగా తీసిన ఫోటోలే రేపు ఆ రికార్డు అవుతాయి. అందులో తుప్పు స్థానంలో నున్నటి ఉక్కు ఉంటే అది ఫోటో కాదు, ఒక ఊహ. బ్యూటీ మోడ్ మన ముఖం మీద మొటిమ చెరిపేస్తే నవ్వి ఊరుకుంటాం. 120 ఏళ్లు దాటిన బ్రిడ్జి ముఖం మీద చెరిపేస్తే?

అందుకే మేం ఇక నుంచి ప్రతి కెమెరా రివ్యూలో ఈ టెస్ట్ చేయబోతున్నాం: దూరం నుంచి ఎక్కువ జూమ్‌తో ఒకటి, దగ్గరికెళ్లి మెయిన్ లెన్స్‌తో ఒకటి, ఒకే భాగం. మీరూ మీ ఊళ్లో చేయొచ్చు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ గేట్లు, హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తీగలు లేదా 1578 నాటి పురానాపూల్ రాళ్లు, ఏదైనా సరే. స్తంభం మీద పెయింట్‌తో వేసిన నంబర్ ఉంటే ఇంకా తేలిక, అబద్ధం వెంటనే దొరికిపోతుంది. ఏఐకి అక్షరాలంటే ఇంకా తడబాటే, ఏడుని ఒకటి చేస్తుంది, తెలుగు అక్షరాల్ని ముగ్గు చేస్తుంది.

రికార్డు కోసం తీసే ఫోటోలకు మేం పెట్టుకున్న సెట్టింగ్స్ ఇవి. సీన్ ఆప్టిమైజర్, ఏఐ ఎన్‌హాన్స్ లాంటి పేర్లతో ఉన్నవన్నీ ఆఫ్. ఫోన్‌లో ఉన్న అసలు లెన్స్‌ల దగ్గరే ఆగడం, అంటే 1ఎక్స్, 3ఎక్స్ లేదా 5ఎక్స్. మధ్యలో జూమ్ లాగకపోవడం. లొకేషన్ ట్యాగ్ ఆన్, అప్పుడు ఎక్కడ నిలబడి తీశామో ఫైల్‌లోనే ఉంటుంది, వచ్చే ఏడాది అదే చోటుకి మళ్లీ వెళ్లొచ్చు. వాట్సాప్‌లో పంపితే ఈ వివరాలన్నీ పోతాయి కాబట్టి డ్రైవ్ లింకో, డాక్యుమెంట్‌గానో పంపండి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, అప్పుడు ఘాట్ల దగ్గర నిలబడటానికి చోటు దొరకదు. వెళ్లేవాళ్లు ఈ చలికాలంలోనే ఒక తెల్లవారుజాము చూసుకోండి.

రా ఫైళ్లు ఒక్కోటి 12 మెగాపిక్సెల్‌లోనే పాతిక ఎంబీ దాకా ఉంటాయి, 48 మెగాపిక్సెల్‌లో 75 దాకా వెళ్తాయి. మాకు ఒక్క ఉదయానికే 9 జీబీ అయ్యాయి. 128 జీబీ ఫోన్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందు వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్‌లు డిలీట్ చేసుకుని వెళ్లండి.